వెలుగు తిప్పుడు కొలిచిన ఆగిరిపల్లి కుర్రాడు

డిగ్రీలో ఫిజిక్స్ తీసుకున్నారా? అయితే ఈ ప్రశ్న మీకు పెళ్లిళ్లలోనూ, పండగ భోజనాల దగ్గరా ఎదురయ్యే ఉంటుంది. బీఎస్సీ చేసి ఏం చేస్తావు? మీరు సమాధానం వెతుక్కునేలోపే పక్కనున్న బాబాయి కంప్యూటర్ కోర్సు గురించి చెప్పడం మొదలుపెడతాడు. ఈసారి అలా జరిగితే, 1928లో పద్దెనిమిదేళ్ల వయసులో ఇదే డిగ్రీ చేతిలో పట్టుకుని కలకత్తా వెళ్లిన ఒక కుర్రాడి సంగతి గుర్తుచేసుకోండి. ఆయనది ఆగిరిపల్లి. పేరు సూరి భగవంతం.

విజయవాడ నుంచి నున్న మామిడి మార్కెట్ దాటి నూజివీడు వైపు వెళ్తుంటే ఆగిరిపల్లి వస్తుంది. ఒకపక్క శోభనాచలం కొండ, దాని మీద నరసింహస్వామి గుడి. చుట్టూ బంగినపల్లి, రసాల తోటలు. పూత నిలుస్తుందా, మంచు దెబ్బ తీస్తుందా అని ప్రతి సంక్రాంతికీ ఆకాశం వైపు చూసే ఊళ్లవి. అక్కడ 1909 అక్టోబరు 14న పుట్టినవాడు కూడా ఆకాశానికి సంబంధించిన ఒక ప్రశ్న దగ్గరికే చేరుకున్నాడు. అయితే ఆయన దారి ప్రయోగశాల చీకటి గదిలోంచి వెళ్లింది.

ఆ ప్రశ్నేమిటో తెలియాలంటే ముందు మనం శని గ్రహం దాకా వెళ్లి రావాలి. కొంచెం ఓపిక పట్టండి.

1997 అక్టోబరులో బయల్దేరిన కస్సీని నౌక 2004లో శని చుట్టూ కక్ష్యలోకి చేరింది. అది తీసిన వలయాల ఫొటోలు మీరు చూసే ఉంటారు. కానీ ఫొటోలు తీయని పరికరం ఒకటి అందులో ఉండేది. పేరు రేడియో అండ్ ప్లాస్మా వేవ్ సైన్స్. అయోవా విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ డొనాల్డ్ గర్నెట్ బృందం దాన్ని నడిపింది. ఒక్కోటి 10 మీటర్ల పొడవున్న మూడు యాంటెన్నాలు మీసాల్లా చాచుకుని ఉండేవి. వాటికి తోడు అయస్కాంత క్షేత్రంలోని కదలికను పట్టే తీగచుట్టలు, ప్లాస్మా సాంద్రతను కొలిచే లాంగ్‌మ్యూర్ ప్రోబ్ అనే చిన్న గోళం. ఒక రకంగా చెప్పాలంటే అది నౌకకు చెవి.

ప్లాస్మా అంటే బ్లడ్ బ్యాంకులో వినిపించే ప్లాస్మా కాదు. పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి, రెండూ కలగలిసి తిరిగే వాయువు. సూర్యుడి నుంచి వీచే గాలి అదే. గ్రహాల మధ్య ఖాళీ అనుకునే చోటంతా పల్చగా పరుచుకుని ఉండేదీ అదే. అందులో ఎలక్ట్రాన్లను కాస్త పక్కకు నెడితే మిగతావి వెనక్కి లాగుతాయి. అవి మళ్లీ దాటిపోతాయి, మళ్లీ వెనక్కి వస్తాయి. ఊయల లెక్క. ఈ ఊపు సెకనుకు ఎన్నిసార్లన్నది అక్కడ ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉన్నాయన్న దాని మీదే ఆధారపడుతుంది. అంటే ఊపును వింటే చాలు, లెక్క తేలిపోతుంది.

ఈ లెక్క ఎంత పని చేసిందో చూడండి. వాయేజర్-1 సౌరమండలపు గాలిబుడగ దాటిందా లేదా అని శాస్త్రవేత్తలు వాదించుకుంటున్న రోజుల్లో, ఆ నౌకలో ప్లాస్మాను నేరుగా కొలిచే పరికరం 1980లోనే పాడైపోయి ఉంది. మిగిలింది ప్లాస్మా తరంగాలు వినే యాంటెన్నా ఒక్కటే. 2013 వసంతంలో దానికి సెకనుకు దాదాపు 2600 సార్ల ఊపు వినిపించింది. అంటే ఘనపు సెంటీమీటరుకు 0.08 ఎలక్ట్రాన్లు. బుడగ లోపల ఉండాల్సిన దానికి ఇది దాదాపు 40 రెట్లు. వెనక్కి లెక్కగడితే నౌక 2012 ఆగస్టులోనే గడప దాటిందని తేలింది. మనిషి చేసిన వస్తువు నక్షత్రాల మధ్యకు చేరిందని తేల్చింది ఫొటో కాదు, ఆ ఊపు.

ఇక అసలు విషయం. కస్సీని చెవి అల ఎంత బలంగా ఉందని మాత్రమే చూడలేదు. అల ఎటువైపు తిరుగుతూ వస్తోందో కూడా చూసింది. అవును, అలలు తిరుగుతాయి. రేడియో అల గానీ వెలుగు గానీ ముందుకు సాగుతూనే మర బిగించినట్టు కుడికో ఎడమకో మెలి తిరుగుతూ రాగలదు. శని ఉత్తర ధ్రువం వైపు నుంచి వచ్చే రేడియో అలలది ఒక మెలి, దక్షిణం నుంచి వచ్చేవాటిది దానికి ఎదురు మెలి. ఈ తేడా పట్టుకోబట్టే రెండు ధ్రువాల సంకేతాలనూ విడదీసి చూడగలిగారు. చూస్తే ఒకదాని లయ దాదాపు 10.6 గంటలు, ఇంకోదానిది 10.8 గంటలు. ఒకే గ్రహానికి రెండు గడియారాలా అని శాస్త్రవేత్తలు తలలు పట్టుకున్నారు.

ఈ మెలి వెలుగులో ఎక్కడ దాగి ఉంటుంది? ఒక్కో ఫోటాన్ లోపలా ఉంటుందా, లేక గుంపుగా అల అయినప్పుడు మాత్రమే కనిపించే లక్షణమా? కలకత్తాలో 1931లో ఈ ప్రశ్న పట్టుకుని కూర్చున్న ఇద్దరిలో ఒకరు సి.వి. రామన్. రెండోవారు మన ఆగిరిపల్లి భగవంతం. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు.

ఆయన అక్కడికి ఎలా వెళ్లారో చూద్దాం. హైదరాబాద్ నిజాం కాలేజీలో ఫిజిక్స్‌తో బీఎస్సీ. ఆ కాలేజీ అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేది. 1928 ఫిబ్రవరి 28న రామన్, కె.ఎస్. కృష్ణన్ కలకత్తా బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ప్రయోగశాలలో కొత్త రకం కాంతి పరిక్షేపణాన్ని పట్టుకున్నారు. అదే ఏడాది భగవంతం కలకత్తా దారి పట్టారు. ఒక్కసారి ఆలోచించండి. డిగ్రీ చదివిన తెలుగు కుర్రాడికి అప్పట్లో సర్కారు కొలువు, వకీలు చదువు కళ్ల ముందు కనిపించే దారులు. రామన్‌కు ఇంకా నోబెల్ రాలేదు. ఆ కనుగోలు నిలుస్తుందని హామీ లేదు. ఊరు చూస్తే వెయ్యి కిలోమీటర్లకు పైనే. అక్కడి భాష వేరు. చేతిలో ఉన్నది బీఎస్సీ మాత్రమే. అయినా వెళ్లారు. ఆ తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఎమ్మెస్సీ కూడా పూర్తిచేశారు.

ఇక్కడ ఒక మాట సరిచేసుకోవాలి. భగవంతం సాయంతోనే రామన్ ఎఫెక్ట్ దొరికిందని అప్పుడప్పుడూ వినిపిస్తుంటుంది. అది నిజం కాదు. కనుగోలులో రామన్‌తో ఉన్నది కృష్ణన్. భగవంతం వెళ్లేసరికే తలుపు తెరిచి ఉంది. ఆ తలుపులోంచి లోపలికి వెళ్లి, గదులన్నీ తిరిగి చూసిన వాళ్లలో ఆయన ముందు వరసలోని వారు. మనవాడి గొప్ప చెప్పడానికి అబద్ధం అక్కర్లేదు. ఆయన చేసిందే చాలినంత ఉంది.

ఆ పని ఎలా ఉండేదంటే, పాదరసపు దీపం వెలుగును ద్రవంలోకో వాయువులోకో స్ఫటికంలోకో పంపాలి. పక్కకు చెదిరిన వెలుగును స్పెక్ట్రోగ్రాఫ్‌లో విడదీసి ఫొటో ప్లేటు మీద పట్టాలి. చెదిరిన వెలుగే కొంచెం. అందులో రంగు మారి వచ్చేది ఇంకా కొంచెం, కోటికి ఒకటి లాంటి లెక్క. అందుకని ప్లేటును గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి కదలకుండా వదిలేయాలి. ఆ తర్వాత డెవలప్ చేస్తే ఒక సన్నని గీత. కొన్నిసార్లు అదీ ఉండదు. మళ్లీ మొదలు. భగవంతం ఇలా వాయువులనూ వజ్రాన్నీ పరీక్షించి వరసగా పరిశోధన పత్రాలు ప్రచురించారు. మీరు ఒక్క రీల్ లోడ్ అవడానికి ఎంతసేపు ఆగుతారో మీకే తెలుసు.

ఇప్పుడు ఫోటాన్ తిప్పుడు సంగతి. దాని వెనక ఒక చిన్న కథ ఉంది. 1924లో ఢాకాలో ఉన్న సత్యేంద్రనాథ్ బోస్, ప్లాంక్ వికిరణ సూత్రాన్ని కొత్తగా రాబట్టే లెక్కలో ఒకచోట రెండుతో గుణించాల్సి వచ్చింది. ఎందుకు రెండు? అచ్చయిన పత్రంలో దానికి వివరణ లేదు. ఫోటాన్‌కు తనదైన తిప్పుడు ఉంటుందని, అది రెండు వైపుల్లో ఏదో ఒకటై ఉంటుందని బోస్ ఊహించినట్టు ఆయన నుంచే తమకు తెలిసిందని రామన్, భగవంతం తమ 1931 పత్రంలో నమోదు చేశారు. ఆ ఊహ నిజమో కాదో ప్రయోగంతో తేల్చాలన్నది వాళ్ల పట్టుదల.

ఎలా తేలుస్తారు? ఫోటాన్‌ను తిరిగే బొంగరం అనుకోండి. అది ద్రవంలోని అణువును తాకి చెదిరింది. తాకినప్పుడు బొంగరం తిరిగే వైపు తారుమారైతే ఆ తేడా ఎక్కడికో పోవాలి కదా? అణువుకే పోవాలి. అప్పుడు అణువు తిరగడంలో మార్పు వస్తుంది, దానికి శక్తి ఖర్చవుతుంది. కాబట్టి ఆ ఫోటాన్ రంగు ఏ మాత్రమో మారి అసలు గీత పక్కకు జరుగుతుంది. అంటే అసలు గీతలో మిగిలేది తిప్పుడు మారని వెలుగు. పక్క అంచుల్లో చేరేది మారిన వెలుగు. రెంటినీ విడదీసి వాటి ధ్రువణాన్ని, అంటే అల ఏ తీరున ఊగుతోందో కొలిస్తే తేడా కనిపించాలి. తిప్పుడు అనేదే లేకపోతే ఆ తేడా ఉండకూడదు. కొలిచారు. తేడా కనిపించింది.

ఆ పత్రం 1931లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో వచ్చింది. దాని సారాంశం 1932 మొదట్లో నేచర్ పత్రికలో పడింది. మీ పాఠ్యపుస్తకంలో ఇది ఉండకపోవచ్చు. 1936లో అమెరికాలో రిచర్డ్ బెత్ మెలి తిరిగిన వెలుగును దారానికి వేలాడే క్వార్ట్జ్ పలక గుండా పంపి, పలక నిజంగానే తిరగడం చూపించాడు. కంటికి ఆనే రుజువు కాబట్టి పుస్తకాలు దాన్నే పట్టుకున్నాయి. అందులో అన్యాయమేమీ లేదు, బెత్ ప్రయోగం సూటిగా ఉంటుంది. కానీ దానికి అయిదేళ్ల ముందే బౌబజార్‌లో ఇద్దరు తెలివిగా పక్కదారిన అదే చోటికి చేరారన్నది మాత్రం మీరు తెలుసుకోవాలి. ఆ ఇద్దరిలో చిన్నవాడికి మీ వయసే.

1932లో ఆయన ముందుకు ఇంకో మలుపు వచ్చింది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. ఉపాధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్ దేశం నలుమూలల నుంచి చురుకైన యువకుల్ని ఏరి తెస్తున్నారు. భగవంతం అక్కడ ఫిజిక్స్ అధ్యాపకుడిగా చేరారు. ప్రపంచం దృష్టిలో పడిన ప్రయోగశాల వదిలి, అన్నీ మొదటి నుంచి కట్టుకోవాల్సిన చోటికి రావడం అందరూ చేసే పని కాదు. ముప్పై నిండకముందే ప్రొఫెసర్ అయ్యారు. 1940లో కాంతి పరిక్షేపణం, రామన్ ఎఫెక్ట్ మీద ఆయన రాసిన పుస్తకాన్ని విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. యుద్ధకాలంలో విశాఖ మీద బాంబులు పడి, విశ్వవిద్యాలయం కొన్నాళ్లు గుంటూరుకు తరలిపోయింది. పరికరాలు మూటగట్టి, మళ్లీ విప్పి పని చేయాల్సిన రోజులవి.

నన్నడిగితే ఆయన పనిలో ఎక్కువ కాలం నిలిచింది వాల్తేరులో జరిగినదే. ప్రయోగం చేయకముందే ఒక స్ఫటికం ఎన్ని రామన్ గీతలు చూపుతుందో చెప్పగలమా? స్ఫటికంలో పరమాణువులు ఒక పద్ధతిలో పేర్చి ఉంటాయి. ఎటు తిప్పితే మళ్లీ అలాగే కనిపిస్తుంది, ఏ అద్దంలో చూస్తే మారదు అన్న సౌష్ఠవాన్ని లెక్కగట్టే గణితం గ్రూప్ థియరీ. భగవంతం, గణితం తెలిసిన టి. వెంకటరాయుడు కలిసి 1939లో ఆ గణితంతో గీతల లెక్క చెప్పే పద్ధతి ఇచ్చారు. 1948లో ఇద్దరూ కలిసి రాసిన గ్రూప్ థియరీ పుస్తకం వాల్తేరు నుంచి వెలువడి ఇతర దేశాలకూ వెళ్లింది. ఇప్పటికీ పరిశోధన పత్రాల్లో భగవంతం–వెంకటరాయుడు పద్ధతి అన్న పేరు కనిపిస్తుంది. 2021లో అంగారకుడి మీద దిగిన పర్సెవరెన్స్ రోవర్‌లో రెండు పరికరాలు లేజర్ వెలుగుతో రాళ్ల రామన్ గీతలు చూస్తున్నాయి. మరో గ్రహం మీద ఆ పని జరగడం అదే మొదలు. ఏ ఖనిజానికి ఎన్ని గీతలు రావాలో తేల్చే విద్యలో వాల్తేరు వాటా కూడా ఉంది.

ఆ తర్వాతి కథ వేగంగా సాగుతుంది, అందుకే నేనూ వేగంగా చెబుతాను. 1948లో లండన్‌లో భారత ప్రభుత్వ శాస్త్ర సంబంధాల అధికారి. 1949లో ఉస్మానియాలో ఫిజిక్స్ ప్రొఫెసర్. 1952 నుంచి 1957 దాకా అక్కడే ఉపాధ్యక్షుడు. బోధన ఉర్దూ నుంచి ఇంగ్లిషుకు మారి, హైదరాబాద్ రాష్ట్రంలోని తెలంగాణ ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన గడ్డుకాలమది. 1957లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్. ఒకప్పుడు రామన్ కూర్చున్న కుర్చీ. 1962లో ఆయన దిగాక ఆ కుర్చీ సతీశ్ ధవన్‌కు వచ్చింది. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి ఇప్పుడున్నది ధవన్ పేరే.

1961లో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా వెళ్లారు. 1969 దాకా డీఆర్డీవో ఆయన చేతిలో ఉంది. మధ్యలో రెండు యుద్ధాలు, 1962, 1965. క్షిపణుల ప్రయోగశాల డీఆర్డీఎల్ హైదరాబాద్‌లో కుదురుకున్నదీ, లోహాల ప్రయోగశాల డీఎంఆర్ఎల్ అక్కడే మొదలైందీ ఆ ఏళ్లలోనే. ఇప్పుడు కంచన్‌బాగ్ వైపు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టే ఇంజినీరింగ్ పిల్లల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసో?

ఇక్కడ నాకో చిన్న బాధ ఉంటుంది. ఇరవై రెండేళ్లకే ఫోటాన్ తిప్పుడు కొలిచినవాడు ఫైళ్ల మధ్యకు వెళ్లిపోయాడే అని. దేశం కొత్తది, నడిపేవాళ్లు తక్కువ, వెళ్లక తప్పలేదని ఒకరు అనొచ్చు. ఆయనే ఉండిపోతే ఇంకేం దొరికేదో అని ఇంకొకరు అనొచ్చు. అయితే పూర్తిగా వెళ్లిపోలేదు. సలహాదారు పదవిలో ఉండగానే 1966లో స్ఫటిక సౌష్ఠవం మీద ఇంకో పుస్తకం లండన్ నుంచి వెలువడింది. ఢిల్లీ ఆఫీసు, ఢిల్లీ మీటింగులు, వాటి మధ్యలో సౌష్ఠవ పట్టికలు! పొద్దున ఉద్యోగం, రాత్రి పోటీ పరీక్ష అంటూ నలిగిపోతున్న వాళ్లకు ఈ సంగతి చెప్పాలనిపించింది. సంస్కృతంలోనూ ఆయనకు గట్టి పట్టుంది. చివరి దశలో పుట్టపర్తి సత్యసాయి తెలుగు ప్రసంగాలను వేదిక మీదే ఇంగ్లిషులోకి అనువదించిన వ్యక్తిగా చాలామందికి ఆయన గుర్తు. ఫిజిక్స్ మనిషిగా గుర్తున్నది తక్కువమందికే.

మరి ఆ దారిలో ఇప్పుడు మీరెలా వెళ్లొచ్చు? కలకత్తా రైలెక్కక్కర్లేదు. బీఎస్సీలో ఫిజిక్స్, గణితం ఉంటే ఐఐటీ జామ్ రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీకి, ఐఐఎస్సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి వెళ్లొచ్చు. ఇంటర్ తర్వాతే అయితే జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో తిరువనంతపురం ఐఐఎస్టీ ఉంది. పరిశోధనకు జెస్ట్, గేట్, నెట్. ప్లాస్మా, అయనోస్పియర్ మీద పని చేసే చోట్లు మనకు దూరమేం కాదు. తిరుపతి దగ్గర గాదంకిలో ఎన్ఏఆర్ఎల్ రాడార్ ఉంది. అహ్మదాబాద్‌లో పీఆర్ఎల్, తిరువనంతపురంలో స్పేస్ ఫిజిక్స్ లేబొరేటరీ ఉన్నాయి. భగవంతం తర్వాతి తరంలో వాల్తేరులోనే ప్రొఫెసర్ బి. రామచంద్రరావు అయనోస్పియర్ పరిశోధనకు పునాది వేశారు. చంద్రయాన్-3 ల్యాండర్‌లోని రంభా పరికరం 2023లో చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో నేల దగ్గరి ప్లాస్మాను కొలిచింది. ఘనపు మీటరుకు 50 లక్షల నుంచి 3 కోట్ల ఎలక్ట్రాన్లు, అంటే చాలా పల్చన. పరికరం చేసేది ఇంజినీర్లు, దాని లెక్క చదివేది ఫిజిక్స్ వాళ్లు. ఇద్దరికీ కావాల్సింది ఫోరియర్ విశ్లేషణ, ఎలక్ట్రానిక్స్, కాస్త పైథాన్. మొదటిదాన్ని మన డిగ్రీ కాలేజీల్లో పరీక్షకు ముందు రోజు చదివి వదిలేస్తారు. మీరు వదలకండి, ఈ రంగంలో అన్నం పెట్టేది అదే.

నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివే పిల్లలు ఎంతోమంది సెలవులకు ఆగిరిపల్లి మీదుగానే బస్సులో ఇంటికెళ్తారు. కిటికీలోంచి కొండ, తోటలు కనిపిస్తాయి. ఆ ఊరి పేరు వినగానే రసాలతో పాటు ఫోటాన్ కూడా గుర్తొస్తే బాగుంటుంది.

భగవంతం 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. అదే ఏడాది ఆగస్టు 25న వాయేజర్-2 నెప్ట్యూన్ పక్క నుంచి దూసుకెళ్లింది. దాని ప్లాస్మా తరంగాల యాంటెన్నా అక్కడ ఈల లాంటి శబ్దాలు పట్టింది. పైస్థాయిలో మొదలై కిందికి జారే ఈలలు, మన భూమి మీద పిడుగు పడ్డప్పుడు పుట్టేలాంటివే. అయస్కాంత గీతల వెంట ఎలక్ట్రాన్లు ఎటు తిరుగుతాయో అటే మెలి తిరుగుతూ సాగే అలలవి.